మామయ్య వంతు కందనకాయ

మా ఊరి బడిలో అయిదో తరగతి ఉంటుందో పోతుందో ఆ చలికాలం తేలిపోవాలి.

మొక్కజొన్న కోతలైపోయాయి. ఆ ఏడు పంట బాగా వచ్చింది. మా ఊరు నమితొండోలో ఎవరి గాదె చూసినా నిండుగానే ఉంది, ఎవరి మొహం చూసినా నవ్వే. సరిగ్గా అప్పుడు బడులు చూసే జోన్ ఆఫీసరు మోటారుసైకిలు మీద వచ్చి అయిదో తరగతి గదిలోకి తొంగిచూశాడు. బల్లలున్నాయి. పిల్లలు లేరు. ఉన్న కొద్దిమందీ ఒక మూల దగ్గరగా, చలికి కోడిపిల్లల్లా ముడుచుకుని కూర్చున్నారు.

"ఇంత కొంచెం మందికి ఒక టీచరా?" అన్నాడు ఆఫీసరు. "సెలవులకి బడి మూసేలోపల మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ తరగతిని ఏటికవతల బడిలో కలిపేస్తాం."

ఏటికవతల బడి అంటే ఏమిటో మా ఊరి ఆడపిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. వానలు మొదలైతే ఏరు పొంగుతుంది. నేను చదువుకున్న రోజుల్లో మా బడిలో నాలుగు తరగతులే ఉండేవి. ఆ తర్వాత మూడేళ్ళు ఏరు దాటి వెళ్ళాను గాని, అందులో సగం కాలం గట్టు మీద పుస్తకాలు పట్టుకుని నీళ్ళు తగ్గుతాయేమోనని చూడడమే. ఓసారి తగ్గేసరికి పరీక్షలైపోయాయి. నా చదువు అక్కడితో సరి. మా చెల్లి తియమికే ఇప్పుడు అయిదులో ఉంది. దానికి నీళ్ళంటే నాకంటే భయం.

మా నాన్న లుఫెయో బడి కమిటీకి ఛైర్మను. బడికి ఇటుకలు కోయించింది, బట్టీ పెట్టించింది, గోడలు లేపించింది అంతా ఆయనే. నేను తల్లుల కమిటీలో ఉన్నాను. నాకు పెళ్ళి కాలేదు, తల్లినీ కాదు. కాని బడి పిల్లలకి పొద్దున్నే సోయా కలిపిన మొక్కజొన్న జావ కాచాలి. ఆ పెద్ద కుండ కలపడానికి గట్టి చేతులు కావాలని కమిటీ పెద్ద మగిలేటా అత్త నన్ను చేర్చుకుంది. "నోరు లేదు, చేతులున్నాయి. ఇంతకంటే మంచి మెంబరు దొరుకుతుందా?" అంది అందరి ముందూ.

ఆఫీసరు వెళ్ళిన వారమే హెడ్‌మాస్టారు గొండ్వే తండ్రుల సభ పెట్టారు.

గొండ్వే మాస్టారు మా వైపు మనిషి కాదు. మలావీ ఉత్తరం కొస నుంచి, కొండల్లోంచి, ఆ ఏడాదే బదిలీ మీద వచ్చారు. సన్నగా, నిటారుగా ఉంటారు. సైకిలు తొక్కుతున్నా నిటారుగానే ఉంటారు. సభకి ఊళ్ళో తండ్రులందరూ వచ్చారు. ఒక్కరు తక్కువ కాలేదు. నేలమీద వరసగా కూర్చుని, అరచేతులు దొప్పలు చేసి మెల్లగా చప్పట్లు కొట్టి మర్యాద చేశారు.

"పొద్దున పిల్లలు ఏటిగట్టు మళ్ళకి నీళ్ళు పోయడానికి పోతున్నారు. బడికి రావడంలేదు. అవునా?" అన్నారు మాస్టారు.

"అవును మాస్టారూ," అన్నారు తండ్రులు.

"టమాటాలు ముఖ్యమా, పిల్లల చదువు ముఖ్యమా?"

"చదువే మాస్టారూ!"

"సోమవారం నుంచి పంపిస్తారా?"

"పంపకేం మాస్టారూ, మీరింత చెప్పాక!"

మళ్ళీ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా నాన్నే. మాస్టారి మొహం వెలిగిపోయింది. "మీ ఊరివాళ్ళు బంగారం" అని మగిలేటా అత్తతో అన్నారు. అత్త తల ఊపి, నావైపు చూసి, కళ్ళతోనే నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలుసు. మాకందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టే ఎవరం చెప్పలేదు.

సోమవారం పొద్దున జావ కాచాం. లారీ చక్రం రిమ్ము మీద మేకుతో కొట్టి గంట మోగించారు. అయిదో తరగతి బల్లలు ఎప్పటిలాగే ఉన్నాయి. కుండలో జావ మిగిలిపోయి మీగడ కట్టింది.

మాస్టారు కోపగించుకోలేదు. రెండో సభ పెట్టారు. తండ్రులు మళ్ళీ వచ్చారు, మళ్ళీ ఒప్పుకున్నారు. జావ మళ్ళీ మిగిలింది. అప్పుడాయన వంటపాక దగ్గరికి వచ్చి, పొయ్యికి కట్టెలు తెచ్చి పడేస్తున్న మా నాన్నని పట్టుకున్నారు.

"లుఫెయోగారూ, మీరు ఛైర్మను. మీ కూతురే రావడంలేదు. నాకు అబద్ధం చెప్పారా?"

నాన్న కట్టెలు కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. నేను కుండలోకి చూస్తూ కలుపుతూనే ఉన్నాను.

"అబద్ధం కాదు మాస్టారూ. మీరు పంపమన్నారు. నాకూ పంపాలనే ఉంది. అందుకే సరేనన్నాను."

"మరి?"

"మరి తియమికే నా కూతురే గాని, నా మనిషి కాదు కదా. వాళ్ళ మామయ్య మనిషి."

మాస్టారికి అర్థం కాలేదు. ఆయన ఊళ్ళో పిల్లలు తండ్రి ఇంటివాళ్ళు. భార్య వచ్చి భర్త ఊళ్ళో ఉంటుంది. మా చేవా తెగ ఊళ్ళలో మగవాడే పెళ్ళాం ఊరికి వస్తాడు. మా ఊరి తండ్రులంతా ఇల్లరికం అల్లుళ్ళే. ఇటుకలు కోయమంటే కోస్తారు, కట్టెలు కొట్టమంటే కొడతారు. పిల్లల పెళ్ళిగాని, జబ్బుగాని, చదువుగాని తల్లి అన్నదమ్ములు చెప్పాలి. వాళ్ళలో పెద్దరికం ఉన్నవాళ్ళు పెళ్ళయినా ఊళ్ళోనే ఉండిపోతారు.

"మీకింకా తేలిగ్గా చెప్తాను," అన్నాడు నాన్న. "నేనిక్కడ అరువు తెచ్చిన పుంజుని మాస్టారూ. పొద్దున్నే కూస్తాను. బాగానే కూస్తాను. గుడ్లు మాత్రం నావి కావు."

మగిలేటా అత్త పొయ్యి ఊదుతున్నదల్లా నవ్వి బూడిదంతా మొహానికి పూసుకుంది. మాస్టారు కొంచెంసేపు నిటారుగా నిలబడి, అక్కడే కట్టెలమీద కూలబడి, ఆయనా నవ్వడం మొదలుపెట్టారు.

"అయ్యో దేవుడా! అయితే నేను ఇన్నాళ్ళూ పుంజులకి పాఠం చెప్పానన్నమాట."

"పుంజులు శ్రద్ధగా విన్నాయి గదా," అన్నాడు నాన్న.

"ఇప్పుడు మామయ్యల్ని ఎలా పిలవాలి? చీటీ పంపనా?"

"చీటీకి రారు," అంది మగిలేటా అత్త. "నా తమ్ముడైతే పొయ్యిలో పెడతాడు."

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఆ రోజుల్లో నేను పదిమందిలో మాట్లాడడం తక్కువ కాబట్టి అందరూ నావైపు తిరిగారు. "మామయ్యని ఏదైనా అడగాలంటే మా అమ్మ కోడిని కోస్తుంది," అన్నాను.

మా ఇళ్ళలో కోడిని కోస్తే కందనకాయ ఇంటికొచ్చిన పెద్ద మగవాడికి. ఆడవాళ్ళు, పిల్లలు దాన్ని రుచి చూడరు. మామయ్య వచ్చిన రోజున నాన్నకి కూడా లేదు. కందనకాయ పళ్ళెంలో పెట్టారంటే, 'ఈ ఇంటికి నువ్వే పెద్ద, నీ మాట కావాలి' అన్నట్టు. తిని కాదనడం కష్టం.

"మరింకేం, బడిలో ఒక కోడిని కోద్దాం," అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

మగిలేటా అత్త ఆయన్ని జాలిగా చూసింది. "ఒక్క కోడికి కందనకాయలు ఎన్ని ఉంటాయి మాస్టారూ?"

అలా ప్రతి ఇంటి నుంచీ ఒక కోడి వచ్చింది. తల్లులే తెచ్చారు. ఏ కుండలో ఎవరి కోడి ఉడుకుతోందో తప్పిపోకుండా మూతలకి రంగు గుడ్డపేలికలు కట్టారు. ఒకరి కందనకాయ ఇంకొకరికి పోతే ఇక ఆ ఏడంతా తగువే. మొక్కజొన్న పిండితో చేసిన న్సీమా ముద్దలు, వేరుశనగ పిండి వేసిన గుమ్మడాకు కూర, తాగడానికి తియ్యటి తోబ్వా. బడికి పెళ్ళి వాసన వచ్చింది. ముందురోజు మేం కొందరం బొగ్గు నూరి, చిలగడదుంప ఆకు పసరులో కలిపి నల్లబల్లకి పూశాం. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు అది బూడిదగుమ్మడికాయలా ఉంటే బాగుండదని.

మేనమామలు వచ్చారు. కోట్లు వేసుకుని, టోపీలు పెట్టుకుని, చేతికర్రలతో వచ్చారు. అందరికంటే ముందు మా సమలానీ మామయ్య. మనిషి ఎంత పెద్దవాడో గొంతు అంతకు రెండింతలు. ఏటిగట్టున ఊళ్ళోకెల్లా పెద్ద టమాటా మడి ఆయనది. తియమికే రోజూ నీళ్ళు పోసేది అందులోనే. పిల్లల బల్లలమీద కూర్చుంటే మామయ్యల మోకాళ్ళు గడ్డాలదాకా వచ్చాయి.

"మాస్టారూ, ఈ బల్లలు కప్పలకోసం చేయించారా?" అన్నాడు బిలియాతి మామయ్య. ఆయన మగిలేటా అత్త తమ్ముడు.

మాస్టారు ఈసారి ఉపన్యాసం చెప్పలేదు. అరచేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టారు. వంటపాకలో నేర్పినదంతా బాగానే పట్టుకున్నారు. "అయ్యలారా, నేను కొత్తవాణ్ణి. నా మాట ఎందుకు? మీ పిల్లలే మీకు ఒక పాఠం చదివి వినిపిస్తారు. తర్వాత భోజనం," అన్నారు.

ముందు బిలియాతి మామయ్య మేనకోడలు చదివింది. వాళ్ళకి ఏటిగట్టున మడి లేదు కాబట్టి ఆ పిల్ల రోజూ బడికొస్తుంది. వేలు పెట్టకుండా, ఆగకుండా చదివేసింది. బిలియాతి మామయ్య టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

తర్వాత తియమికే. టీచరు పుస్తకం తెరిచి దాని చేతికిచ్చింది. అది సమలానీ మామయ్య పక్కన నిలబడి గొంతు సవరించుకుంది.

"ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ. ఆమెకి ఒక కోడి. ఆ కోడి ఒకరోజు తప్పిపోయింది..."

చక్కగా, గడగడా చెప్పేసింది. మామయ్య మొహం విప్పారింది. బిలియాతి మామయ్య వైపు ఒకసారి చూసి, పుస్తకంలోకి వంగాడు. ఆయనకి అక్షరాలు రావు. కొంచెంసేపు పేజీనే చూశాడు.

"కోడి ఏదమ్మా?" అన్నాడు.

తియమికే ఆగిపోయింది.

"ఇక్కడ బస్సు బొమ్మ ఉంది. కోడి ఏదీ?"

బిలియాతి మామయ్య ఉండబట్టలేక, "కోడి బస్సెక్కి ఉంటుంది సమలానీ, తప్పిపోయిందంది కదా!" అన్నాడు. మేనమామలు బల్లలు ఊగేలా నవ్వారు. తియమికే తలొంచుకుంది. మా మామయ్య నవ్వలేదు.

"ఎందుకలా చెప్పావు?" అని అడిగాడు. అంత పెద్ద గొంతూ ఎక్కడికి పోయిందో.

"కోడి పాఠం అప్పుడు బడికొచ్చాను మామయ్యా. అది నోటికొచ్చు."

"ఈ బస్సుది?"

"బస్సుది టమాటా నారు వేసినప్పుడు చెప్పారు."

మామయ్య పుస్తకం మూసి, జాగ్రత్తగా టీచరుకి ఇచ్చేశాడు.

భోజనాలు పెట్టాం. పేలికలు చూసుకుంటూ ఎవరి కుండ వాళ్ళు దించారు. అమ్మ పళ్ళెం తెచ్చి మోకాళ్ళమీద వంగి అన్న ముందు పెట్టింది. న్సీమా పక్కన కందనకాయ, నూనెలో మెరుస్తూ. మామయ్య చెయ్యి కడుక్కున్నాడు. కందనకాయ తీసి, గుమ్మం దగ్గర నిలబడ్డ తియమికేని పిలిచి, దాని అరచేతిలో పెట్టాడు.

"తిను."

అమ్మ చేతిలోని నీళ్ళ చెంబు వంగిపోయి నేల తడిసింది. బిలియాతి మామయ్య మెడ చాచి చూశాడు.

"ఏం చూస్తారు?" అన్నాడు మామయ్య. "నా వంతు. నా ఇష్టం."

తియమికే నావైపు చూసింది. నేను తల ఊపాను. నోట్లో పెట్టుకుని నమలసాగింది. చాలాసేపు నమిలింది. అది నమిలినంతసేపూ మామయ్య కూర జోలికి పోలేదు, దాని మొహమే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు తియమికే జావ వేళకే బడికి తయారైంది. మడి ఎండిపోతుందేమోనని నేనే డబ్బా తీసుకుని ఏటికి వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. మామయ్య నాకంటే ముందే ఉన్నాడు. కోటు తీసి కొమ్మకి తగిలించి, ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి, చలికి వణికిపోతూ ఏట్లో నిలబడి నీళ్ళు ముంచుతున్నాడు.

"నీకేం పని ఇక్కడ? బడిలో జావ ఎవరు కాస్తారు?" అని నామీద అరిచాడు. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే మా నాన్న గట్టు దిగి వచ్చాడు, చేతిలో డబ్బాతో.

"ఏం బావా, ఊరి పెద్ద కాళ్ళకి నీళ్ళు తగులుతున్నాయే!" అన్నాడు.

"నోరు మూసుకుని ఆ చివర నుంచి నీళ్ళు పొయ్యి. అరువు పుంజుకి మాటలెక్కువ."

"పుంజు పొద్దున్నే లేస్తుంది బావా, అది దాని ధర్మం. కాని ఇంటి యజమాని దానికంటే ముందు లేవడం ఎక్కడా చూళ్ళేదు."

"చూశావుగా. ఇక పొయ్యి."

ఇద్దరూ చెరో వైపు నుంచి పోస్తూ మధ్యలో కలుసుకున్నారు. నేను పుట్టినప్పటి నుంచీ ఆ ఇద్దరూ ఒకే పని కలిసి చేయడం చూడలేదు. మామయ్య చెప్పడం, నాన్న చేయడం, అంతే. పక్క మళ్ళలో కూడా చప్పుడు వినిపించి చూశాను. అక్కడా మేనమామలు, అక్కడా అల్లుళ్ళు, ఒకరినొకరు తిట్టుకుంటూ నీళ్ళు మోస్తున్నారు. మా ఏటిగట్టు ఎప్పుడూ అంత గోలగా లేదు.

ఆ తర్వాత జావ మిగల్లేదు. ఒకరోజు చాల్లేదు కూడా, మగిలేటా అత్త ఇంటికి పరుగెత్తి పిండి తేవలసి వచ్చింది. శుక్రవారాలు ఒక మేనమామ వంతు చొప్పున వచ్చి తరగతిలో కూర్చోవాలని వాళ్ళే అనుకున్నారు. ఎవరూ చెప్పలేదు. బస్సు బొమ్మ సంగతి ఎవరికీ మింగుడు పడలేదు మరి. మొదటి శుక్రవారం బిలియాతి మామయ్య లెక్కల మధ్యలో నిద్రపోయి గురక పెట్టాడు. పిల్లలు నవ్వుతుంటే టీచరు వాళ్ళ పెదవుల మీద వేలు వేయించి, నల్లబల్ల మీద రాస్తూనే పాఠం సాగించింది. మెలకువ వచ్చి చూస్తే గదంతా నిశ్శబ్దం. "ఎంత క్రమశిక్షణో!" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాడాయన.

సమలానీ మామయ్య తన శుక్రవారం నిద్రపోలేదు. బస్సు పాఠం మళ్ళీ చెప్పించుకున్నాడు. బస్సు ఎక్కడికి పోయిందో, చక్రం పాడైతే ఎవరు బాగుచేశారో ఆయనకి కావలసి వచ్చింది. ఇంటికొచ్చాక తియమికే చేత మరోసారి చదివించుకున్నాడు. అందులో ఒక మాట మీద వేలు పెట్టి, "ఇది బస్సా?" అన్నాడు. "అవును మామయ్యా." "బొమ్మ లేకపోయినా?" "లేకపోయినా."

ఆఫీసరు వచ్చిన రోజు సన్నని చలివాన. ఆకాశం ఊరిమీద తడిగుడ్డలా వేలాడుతోంది. అలాంటి రోజుల్లో పిల్లలు పొయ్యి వదలరు. మాస్టారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. అంత వంగి నడవడం ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాన్న చక్రం రిమ్ము మీద ఎడాపెడా కొడుతున్నాడు. నేను జావ కలుపుతూ బాటవైపే చూస్తున్నాను. ఎవరూ లేరు. ఏటి గట్టు మీద నిలబడ్డప్పటి చలి మళ్ళీ నా పాదాల్లోకి వచ్చింది.

మోటారుసైకిలు చప్పుడు వినబడింది. దాన్ని మించి ఇంకో చప్పుడు, మా మామయ్య గొంతు.

"నడవండి! వానకి కరిగిపోతారా? మీరేమైనా ఉప్పురాళ్ళా?"

మేనమామలందరూ కలిసి వచ్చారు. గోనెపట్టాలు, టార్పాలిన్లు తలలమీద ఎత్తి పట్టుకుని, వాటికింద పిల్లల్ని నడిపించుకుంటూ. ఆఫీసరు మోటారుసైకిలు ఆ గుంపు వెనక చిక్కుకుని, దారి దొరక్క, బడిదాకా నడకలాగే వచ్చింది. పిల్లలు లోపలికి పోయారు. బల్లలు నిండాయి, కొందరికి నేలమీద చాప వేయాల్సి వచ్చింది. మేనమామలు కిటికీల దగ్గర నిలబడ్డారు, మీసాల్లోంచి నీళ్ళు కారుతూ.

ఆఫీసరు తరగతి గదిలోకి చూశాడు, కిటికీలవైపు చూశాడు. తర్వాత తియమికేని లేపి చదవమన్నాడు. ఏదో పేజీ తెరిచి ఇచ్చాడు. నేను తలుపు దగ్గర గరిటెతో సహా నిలబడిపోయాను. అది పేజీ చూసింది. ఆగింది. మామయ్య కిటికీ ఊచలు పట్టుకున్నాడు. అప్పుడు మెల్లగా, ఒక్కో మాటా వేలితో తడుముకుంటూ చదవడం మొదలుపెట్టింది. అది చేపలవాడి కథ. నాకు తెలియదు, దానికీ తెలియదు. తడబడింది, వెనక్కి వెళ్ళి సరిచేసుకుంది, చివరిదాకా వెళ్ళింది.

"బొమ్మలో ఏముంది?" అని కిటికీలోంచి అరిచాడు మామయ్య, ఆగలేక.

"చేప మామయ్యా!"

"అదీ!" అన్నాడు చుట్టూ చూసి.

ఆఫీసరు నవ్వాపుకుంటూ మాస్టారితో, "ఏం చేశారు వీళ్ళని?" అన్నాడు.

"నేనేం చేయలేదు సార్. కోడికూర తినిపించాం," అన్నారు మాస్టారు, నిటారుగా నిలబడి.

అయిదో తరగతి ఎక్కడికీ పోలేదు. ఆరో తరగతి పెట్టే సంగతి కూడా రాసి పంపుతానని చెప్పి, రెండు గ్లాసుల తోబ్వా తాగి వెళ్ళాడాయన.

సెలవులకి బడి మూసిన రోజు సాయంత్రం అమ్మ కోడిని కోసింది. మామయ్యని పిలిచింది. అందరం చాపమీద కూర్చున్నాం. అమ్మ అలవాటుగా కందనకాయ అన్న పళ్ళెంలో పెట్టింది. మామయ్య దాన్ని చూసి, తీసి, మా నాన్న పళ్ళెంలో వేశాడు.

"ఇదేమిటి బావా?" అన్నాడు నాన్న.

"ఆరో తరగతికి గది కావాలి. ఇటుకలు కోయాలి కదా, తిను."

"ఓహో. అరువు పుంజుకి లంచమా?"

"పుంజు గింజుకోకుండా తినాలి."

నాన్న నవ్వాడు. నవ్వి, దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ ఇంట్లో మామయ్య ఉండగా అది ఆయన పళ్ళెంలోకి రావడం అదే మొదలు. తర్వాత చెయ్యి చాపి నా పళ్ళెంలో పెట్టాడు.

"కోడిని కోయమన్నది ఇదే కదా," అన్నాడు మామయ్యతో.

మామయ్య కాదనలేదు. అమ్మ ఈసారి చెంబు గట్టిగా పట్టుకుంది. అందరూ నన్నే చూస్తుంటే సిగ్గేసింది. నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. గట్టిగా, సాగుతూ, ఎంతకీ నలగలేదు.

తియమికే పక్కకి జరిగి నా చెవిలో, "అక్కా, పాత చెప్పులా లేదూ?" అంది.

లేదని చెప్పడానికి నోట్లో చోటు లేదు. ఎదురుగా మామయ్య, నాన్న, ఇద్దరూ నా మొహంలోకే ఆశగా చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అన్నాడు మామయ్య.

నేను తియమికే మోకాలు గిల్లాను. అది నా మోకాలు గిల్లింది.

"చాలా బాగుంది మామయ్యా," అన్నాను.